ప్రమాణం తప్పిన పాలాడిన్ ముందు దీపం ఆర్పే హక్కు గేమ్ మాస్టర్‌కు ఉందా?

రాత్రిపాచిక

ఎనిమిది నెలలుగా నేను గేమ్ మాస్టర్‌గా, అంటే కథను నడిపించే వ్యక్తిగా, సాగిస్తున్న క్యాంపెయిన్‌లో (నెలల తరబడి ఆడే ఒకే కథలో) మూడు వారాల క్రితం ఒక సంఘటన జరిగింది. అప్పటి నుంచి మేము మళ్ళీ ఆడలేదు. తప్పు నాదేనేమో అన్న సందేహం నన్ను వదలడం లేదు కనుక, జరిగినది జరిగినట్లుగా ఈ చర్చావేదికలో వ్రాస్తున్నాను.

మేము ఆడుతున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ ఎడిషన్. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథను నడిపే ఆట ఇది. ఆటగాళ్ళు నలుగురు. లోకాన్ని మాత్రం నేనే కల్పించాను. అందులో దీపధారి అనే దైవం ఉన్నాడు. ఆయనను కొలిచేవారికి మూడే ఆజ్ఞలు: అసత్యం పలకరాదు, శరణు జొచ్చినవారిని విడిచిపెట్టరాదు, లొంగిపోయినవారిపై ఆయుధం ఎత్తరాదు. ఇవి పరిస్థితిని బట్టి సడలేవి కావనీ, ఈ లోకంలో మంచీ చెడూ మనుషుల అభిప్రాయాలు కావనీ మొదటి సెషన్‌కు ముందే అందరికీ చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. పాలాడిన్‌గా, అంటే ప్రమాణానికి కట్టుబడిన పవిత్ర యోధురాలిగా, ఆడుతున్న మిత్రురాలు అయితే ఆ మూడు ఆజ్ఞలనూ క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) పైభాగంలో పెన్నుతో వ్రాసుకున్నది. షీట్‌లో మిగిలినదంతా పెన్సిల్ వ్రాతే. హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం), బంగారు నాణేలు ప్రతిసారీ మారతాయి కదా. ఆ మూడు వాక్యాలు మాత్రం చెరపడానికి వీలు లేకుండా ఉండాలని ఆమె కోరుకున్నది.

ఇక సంఘటన. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పదకొండు మంది ఒక పాడుబడిన మఠం నేలమాళిగలో తలదాచుకున్నారు. వారికి అభయమిచ్చినది మా పాలాడినే. రాజు సైనికులు వచ్చారు. దీపధారి భక్తులు అబద్ధం ఆడరని వారికి తెలుసు కనుక గదులు వెతకలేదు. ఆమెను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: లోపల ఎవరైనా ఉన్నారా? బల్ల దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె షీట్ వైపే చూస్తూ కూర్చుని, చివరకు "లేరు" అన్నది. సైనికులు నమ్మారో లేదో తేల్చడానికి పాచిక వేయమని నేను అడగలేదు. ఆమె మాటకు ఆ దేశంలో ఉన్న విలువ అటువంటిది; సైనికులు వెనుదిరిగారు.

ఆట మొదలుపెట్టే ప్రతిసారీ దీపధారి గుర్తుగా బల్ల మధ్యలో ఒక కొవ్వొత్తి వెలిగించడం మా అలవాటు. ఆమె "లేరు" అనగానే నేను చేయి చాచి, రెండు వేళ్ళతో వత్తిని నలిపివేశాను. "నీ దైవం నిన్ను విడిచి వెళ్ళాడు" అన్నాను. పొగ కాసేపు ఆమె ముఖం వైపే వెళ్ళింది. ఆమె పెన్ను మూత తీసి, షీట్ మీది మొదటి వాక్యాన్ని అడ్డంగా కొట్టివేసి, "ఇది దీపధారి అన్న మాటా, నువ్వు అన్న మాటా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు ఆట అక్కడితో ఆగిపోయింది.

ఏమీ జరగనట్లు ముందుకు సాగి ఉంటే ఎనిమిది నెలలుగా మేము మోస్తున్న ఆజ్ఞకు విలువ లేకుండా పోయేది. శిక్షించాను కనుక, తీర్పు చెప్పినది దైవం కాదు, నేనే అని తేలింది. మీరైతే ఏమి చేసేవారు?

నియమపాలకి

మీరు చేసినది సరైనదే. షరతు ముందే చెప్పారు, ఆమె ఒప్పుకున్నది, పైగా పెన్నుతో వ్రాసుకున్నది. ఆ వాక్యానికి ఏదో ఒక రోజు వెల చెల్లించవలసి వస్తుందని ఆమెకు తెలుసు. ఆ రోజు వచ్చింది, అంతే.

ప్రశ్నార్థకం

నాకు అలా అనిపించడం లేదు. నిజం చెబితే రెండవ ఆజ్ఞ పోతుంది, అబద్ధం చెబితే మొదటి ఆజ్ఞ పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితిలో ఆమెను నిలబెట్టినది ఎవరు? ఆజ్ఞలను వ్రాసినది మీరు, సైనికులను పంపినది మీరు, వారి చేత అంత పదునైన ప్రశ్న అడిగించినదీ మీరే. ఏ దారిన నడిచినా పతనమే అయినప్పుడు ఆమె దేనిలో పరీక్షకు నిలిచినట్లు?

నియమపాలకి

దారులు రెండే ఉన్నాయని ఎవరన్నారు? ఆజ్ఞ అసత్యం పలకరాదంటుంది కానీ అడిగినదానికల్లా బదులు చెప్పి తీరాలని అనదు. ఆమె నోరు మెదపకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉండవచ్చు.

నాలుగోకుర్చీ

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి విషయంలో అది పూర్తి అంగీకారమే. ఆమె పెదవి కదపకపోతే సైనికులు నేరుగా నేలమాళిగ మెట్లు దిగేవారు.

పాతపుస్తకం

ఈ చిక్కు మీ బల్లకే పరిమితమైనది కాదు. ఈ ఆటతో పాటే పెరిగింది. 1974లో వచ్చిన తొలి ఆటలో పక్షాలు మూడే: లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అక్రమం). క్రమం, అక్రమం అన్న గీతకు తోడు మంచి, చెడు అన్న రెండవ గీత ఆ తరువాత చేరింది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకంలో తొమ్మిది గళ్ళ అలైన్‌మెంట్ (పాత్ర నైతిక పక్షం) పట్టిక కనిపిస్తుంది. పాలాడిన్ అంతకు ముందే, 1975లో, గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో ఆటలోకి వచ్చింది.

రాత్రిపాచిక గారు గమనించవలసినది 1978 నియమాలలోని ఒక తేడా. పాలాడిన్ తెలిసి క్రమానికి విరుద్ధమైన పని చేస్తే, ఏడవ స్థాయికి తగ్గని క్లెరిక్‌ను (దైవశక్తి గల పూజారిని) వెతికి, ఆయన ముందు తప్పు ఒప్పుకుని, విధించిన ప్రాయశ్చిత్తం చేయాలి. తెలిసి, ఇష్టపూర్వకంగా దుష్టమైన పని చేస్తే మాత్రం పాలాడిన్ హోదా ఆ క్షణమే పోతుంది, మరి తిరిగి రాదు. అంటే నియమం తప్పడం వేరు, పాపం చేయడం వేరు అని ఆనాడే విడదీశారు. 2000లో వచ్చిన మూడవ ఎడిషన్‌లోనూ అబద్ధం ఆడకపోవడం పాలాడిన్ నియమావళిలో భాగమే, కానీ నియమావళి తప్పినందుకు శక్తులు పోవాలంటే ఆ ఉల్లంఘన తీవ్రమైనదై ఉండాలి. పోయినా అటోన్‌మెంట్ అనే మంత్రంతో తిరిగి పొందవచ్చు.

మీరు ఆడుతున్న అయిదవ ఎడిషన్ 2014లో వచ్చింది. అందులో పాలాడిన్‌కు అలైన్‌మెంట్ నిర్బంధం లేదు, శక్తి అంతా ప్రమాణంలోనే ఉంటుంది. ప్రమాణం తప్పినవారు తమ విశ్వాసానికే చెందిన క్లెరిక్‌నో, తమ శాఖకే చెందిన మరొక పాలాడిన్‌నో ఆశ్రయించి, రాత్రంతా మేలుకుని ప్రార్థించడమో ఉపవాసం ఉండడమో చేసి, మళ్ళీ మొదలుపెట్టవచ్చునని ఆ పుస్తకమే చెబుతుంది. తప్పు చేసి కూడా పశ్చాత్తాపం లేనివారి దారి వేరు. మీ మిత్రురాలు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో తెలుసుకోకముందే మీరు వత్తి నలిపారు. నా అభ్యంతరం అంతవరకే.

ప్రశ్నార్థకం గారికి ఒక మాట. అదే పుస్తకంలోని ఓత్ ఆఫ్ డివోషన్ అనే పాలాడిన్ ప్రమాణంలో నిజాయితీ ఒక నియమం, బలహీనులను కాపాడే కరుణ మరొక నియమం. ఆ రెండూ ఎక్కడో ఒకచోట ఢీకొనక తప్పదు. ఈ ఢీ రాత్రిపాచిక గారు పన్నిన ఉచ్చు కాదు, ప్రమాణంలోనే దాగి ఉన్నది.

ఇరవైముఖాలు

పాతపుస్తకం గారు మూడవ ఎడిషన్ ప్రస్తావన తెచ్చారు కనుక మా బల్ల అనుభవం చెబుతాను. ఆ నియమాలలో పాలాడిన్ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు డిటెక్ట్ ఈవిల్ అనే, చెడును పసిగట్టే శక్తిని ప్రయోగించవచ్చు. మా పాలాడిన్ గదిలోకి అడుగుపెట్టగానే అదే చేసేవాడు. ఒకసారి ఒక వడ్డీ వ్యాపారి చెడ్డవాడని తేలింది. అతడు ఏమి చేశాడో, ఎవరిని ముంచాడో మాలో ఒక్కరూ అడగలేదు. కత్తి దూశాము, ముగించాము. ఇంటికి వెళ్ళాక గానీ, మేము ఆ సాయంత్రం ఒక మనిషిని అతడి పని చూసి కాక పట్టికలోని గడి చూసి చంపామని నాకు తట్టలేదు. అయిదవ ఎడిషన్‌లో పాలాడిన్‌కు ఉన్న డివైన్ సెన్స్ అనే శక్తి దేవలోక జీవులను, పిశాచాలను, మరణించీ తిరుగుతున్నవాటిని పసిగడుతుంది, సాధారణ మనిషి మనసు జోలికి పోదు. ఆ మార్పుకు నేను కృతజ్ఞుడిని.

గోపురంనీడ

నేను నిత్యజీవితంలో విశ్వాసిని. కనుక ఈ ప్రశ్న నాకు ఆటతో ముగిసేది కాదు.

రుజువు చేతికి అందని చోట కూడా నిలబడి ఉండడాన్నే నేను విశ్వాసం అంటాను. ఈ ఆటలోని చాలా లోకాలలో దైవం ఉన్నాడా లేడా అన్న ప్రశ్నే పుట్టదు. ప్రార్థిస్తే గాయం మానుతుంది, కమ్యూన్ మంత్రం చదివితే అవుననో కాదనో బదులు వస్తుంది. అటువంటి చోట ఉన్నది విధేయత. అది గొప్పదే కావచ్చు, కానీ విశ్వాసం కాదు. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే లోకం నాకు అందుకే ఇష్టం. అక్కడ దేవతలు వచ్చి మనుషుల మధ్య తిరగరు. క్లెరిక్ ప్రవర్తన తాను కొలిచే దైవం స్వభావానికి విరుద్ధంగా మారినా మంత్రశక్తి పోదు. కపటి అయిన పూజారి చేతిలోనూ వెలుగు పుడుతుంది, సాధువు చేతిలోనూ పుడుతుంది. కాబట్టి శక్తి ఉన్నంత మాత్రాన దైవం మెచ్చాడని ఎవరూ అనుకోలేరు. తాను నడుస్తున్న దారి సరైనదేనా అని ప్రతి భక్తుడూ తనను తాను అడుగుతూనే ఉండాలి. నేను పెరిగిన విశ్వాసం అచ్చంగా ఇలాగే ఉంటుంది.

రాత్రిపాచిక గారూ, మీరు శిక్షించడం నన్ను అంతగా బాధించలేదు. "నీ దైవం నిన్ను విడిచి వెళ్ళాడు" అన్న వాక్యం బాధించింది. ఆమె ప్రార్థించిందనీ, ఎప్పటిలా వెచ్చదనం తగలలేదనీ మాత్రమే చెప్పి ఊరుకుని ఉంటే ఆ రాత్రి ఆమెకే మిగిలేది. తనను వదిలేశాడా, పరీక్షిస్తున్నాడా, తనకే చెవి మూసుకుపోయిందా అని ఆమె వెతుక్కునేది. మీరు ఆ మూడింటిలో ఒకదానిని ఎంచి ఆమె చేతిలో పెట్టారు.

నియమపాలకి

ఇంత సున్నితంగా చెబితే చివరకు ఏ ఆజ్ఞకూ పట్టు ఉండదని నా భయం. ఒక పాత క్యాంపెయిన్‌లో నా పాత్ర ప్రాణం పోయినా ఆయుధం ముట్టనని వ్రతం పట్టింది. ఏడాది పాటు నిలుపుకున్నాను. ఒక యుద్ధంలో స్నేహితుణ్ణి కాపాడడానికి కత్తి అందుకున్నాను. అదే సెషన్‌లో, పది నిమిషాలు గడవకముందే, గేమ్ మాస్టర్ ఒక వృద్ధ సాధువును ప్రవేశపెట్టి "నీ హృదయం నిర్మలమైనది, నీ వ్రతం చెడలేదు" అనిపించారు. ఆయన నా మీద దయతోనే అలా చేశారు. కానీ ఆ ఏడాది అంతా నేను మోసినది బరువు కాదు, బెండు అని ఆ క్షణాన అనిపించింది. తరువాత ఆ పాత్రను ఆడబుద్ధి కాలేదు. కఠినమైన తీర్పు కంటే తేలికైన క్షమ ఎక్కువ బాధిస్తుందని అనుభవించి చెబుతున్నాను.

గోపురంనీడ

మీ బాధ అర్థమయింది. గమనించండి, ఆ సాధువు కూడా తీర్పే చెప్పాడు. దయ గల తీర్పు అయినా అది మీ చేతిలో నుంచి మీ వ్రతాన్ని లాక్కున్నది.

నియమపాలకి

ఈ కోణం నాకు ఇంతవరకు తట్టలేదు. ఆలోచించి వ్రాస్తాను.

వెన్నెలదారి

అబద్ధం ఆడని భక్తుడు, దాక్కున్న మనుషులు, వచ్చి అడిగే ఆయుధధారులు. ఇది మహాభారతం కర్ణపర్వంలోని కౌశికుడి కథే కదా. నదుల సంగమం దగ్గర తపస్సు చేసుకునే కౌశికుడు సత్యమే పలుకుతానని వ్రతం పూనాడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దూరారు. దొంగలు వచ్చి, నిజం చెప్పమని ఆయననే అడిగారు. ఆయన దారి చూపాడు. వారు దొరికిపోయి చచ్చారు. కౌశికుడు సూక్ష్మమైన ధర్మం ఎరగనివాడై నరకానికి పోయాడని కృష్ణుడు చెబుతాడు. అదే చోట బలాకుడనే వేటగాడు ఒక గుడ్డి మృగాన్ని చంపి స్వర్గానికి పోయిన కథ కూడా ఉంది.

ఆ కథలు కృష్ణుడు ఎప్పుడు చెప్పాడన్నది మన చర్చకు ఇంకా ముఖ్యం. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చివేయమన్నవాడి తల నరుకుతానని అర్జునుడికి ఒక రహస్య ప్రతిజ్ఞ ఉంది. ఆ మాట స్వయంగా ధర్మరాజు అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. కృష్ణుడు ప్రతిజ్ఞను కొట్టిపారేయలేదు, పాటించమనీ అనలేదు. పూజ్యుడైన పెద్దవాణ్ణి "నువ్వు" అని ఏకవచనంతో పిలిచి అవమానిస్తే అది చంపడంతో సమానమని, ఆ విధంగా మాట నిలుపుకోమని దారి చూపాడు. అర్జునుడు అలాగే చేశాడు. అంతటితో తీరలేదు, అన్నను అంత మాట అన్నందుకు తన తల తానే తీసుకోబోయాడు. దానికి కూడా మరొక దారి చూపవలసి వచ్చింది. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమన్నాడు.

ఆ ఘట్టంలో నాకు కనిపించేది ఇది: ప్రతిజ్ఞకు విలువ పోలేదు, మనిషి ప్రాణమూ పోలేదు, కానీ ఎవరూ గాయపడకుండా బయటపడలేదు. ఎనిమిది నెలల క్యాంపెయిన్‌కు కావలసినది అటువంటి చోటు అని నాకు అనిపిస్తుంది.

నాలుగోకుర్చీ

దీనికి సరిగ్గా ఎదురు నిలిచే మాట జర్మన్ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1797లో వ్రాసిన వ్యాసంలో ఉంది. స్నేహితుణ్ణి చంపడానికి వచ్చిన హంతకుడు తలుపు తట్టి అడిగినా అబద్ధం ఆడే హక్కు మనకు లేదని ఆయన వాదన. మనం లేడని చెప్పిన సమయానికే స్నేహితుడు కిటికీలోంచి దిగి వీధిలోకి వెళ్ళి ఉంటే, తిరిగి వెళ్తున్న హంతకుడికి అక్కడే ఎదురుపడితే, ఆ చావులో మన అబద్ధానికి భాగం ఉంటుందంటాడు. కౌశికుణ్ణి ఆయన నరకానికి పంపి ఉండడు.

నేను కాంట్ పక్షం కాదు. కానీ రాత్రిపాచిక గారు సైనికులను ఊరకే వెనక్కు పంపారు. ఆమె అబద్ధం ఏ దారి తొక్కి ఎక్కడికి వెళ్ళిందో ఆ లోకమే చూపించి ఉండవచ్చు. రేపు దీపధారి భక్తుల మాట ఎవరూ నమ్మకపోవచ్చు. వారి మాట నమ్మి గదులు వెతకని రోజులు పోవచ్చు. మరొక మఠంలో, మరొక నేలమాళిగలో దాక్కున్నవారు దానికి మూల్యం చెల్లించవచ్చు. అసత్యం పలకరాదన్న ఆజ్ఞ ఎందుకు పుట్టిందో అప్పుడు తెలుస్తుంది. వేళ్ళతో నలిపిన వత్తి ఆ సంగతి చెప్పలేదు.

ప్రశ్నార్థకం

ఈ సూచన చాలా బాగుంది. "దైవం మెచ్చినందువల్ల అది మంచిదా, మంచిదైనందువల్ల దైవం మెచ్చాడా" అని ప్లేటో తన యూతిఫ్రో సంభాషణలో సోక్రటీస్ చేత అడిగిస్తాడు. నాలుగోకుర్చీ గారు చెప్పినట్లు ఆడితే ఆజ్ఞ మంచిదైనందువల్లనే ఆజ్ఞ అయిందని కథే చూపుతుంది.

నేను ఏ దైవాన్నీ నమ్మను. అయినా రెండేళ్ళ పాటు ఒక క్లెరిక్‌ను ఆడాను. ప్రతి విశ్రాంతి సమయంలోనూ మా గేమ్ మాస్టర్ "నీ పాత్ర ఈ ఉదయం ఏమని ప్రార్థించింది?" అని అడిగేవారు. మొదట్లో మంత్రాల జాబితా చదివేవాణ్ణి. కొన్ని నెలలకు ఒక వాక్యం చెప్పసాగాను. ఒక రోజు మా బృందంలోని ఒక పాత్ర చనిపోయింది. మరుసటి ఉదయం అదే ప్రశ్న వచ్చింది. "ఈ రోజు నా పాత్ర మోకరించింది కానీ ఏమీ అడగలేదు" అన్నాను. ఆ మాట నా నోటి వెంట ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను ఇప్పటికీ నమ్మను. కానీ నమ్మేవాళ్ళు మోకరించినప్పుడు ఏమి జరుగుతుందో ఆ ఉదయం కొంత తెలిసింది. మా గేమ్ మాస్టర్ ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా దైవం తరపున జవాబు చెప్పలేదు.

గోపురంనీడ

నేను ఎన్నో ఉదయాలు అలాగే మోకరించాను.

పాతపుస్తకం

తీర్పు గేమ్ మాస్టర్ చేతిలో లేకుండా చేసిన ఆటలు రెండు చెబుతాను.

1985లో వచ్చిన పెండ్రాగన్‌లో ప్రతి వీరుడికీ పదమూడు జతల గుణాలు ఉంటాయి. జతలోని రెండింటి మొత్తం ఎప్పుడూ 20. నిజాయితీ 16 అయితే కపటం 4. సంకట సమయంలో ఆ గుణం మీద పాచిక వేయవలసి వస్తుంది. నిజాయితీ గెలిస్తే మీరు అబద్ధం ఆడాలనుకున్నా మీ వీరుడి నోరు పెగలదు. మీరు ఏడాదుల తరబడి పెంచుకున్న సుగుణమే ఆనాడు మీకు అడ్డు నిలుస్తుంది. ఇంకొక విశేషం: క్రైస్తవ వీరుడికి అణకువ మతపరమైన సుగుణం, పాగన్ (క్రైస్తవానికి ముందటి దేవతలను కొలిచే) వీరుడికి గర్వం సుగుణం. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ తమ తమ దైవం దృష్టిలో సజ్జనులే. పరమ ధర్మం ఒక్కటేనా అన్న ప్రశ్న ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే అక్కడ పుడుతుంది.

2004లో వచ్చిన డాగ్స్ ఇన్ ద విన్‌యార్డ్ మరొక దారి. అందులో ఆటగాళ్ళు దైవం తరపున ఊరూరా తిరిగి పాపాన్ని విచారించి తీర్పు చెప్పే యువకులు, యువతులు. గేమ్ మాస్టర్ ఊరిని, అక్కడి తప్పును, దాని వెనుక ఉన్న అహంకారాన్ని సిద్ధం చేస్తారు కానీ ఆటగాళ్ళు ఇచ్చిన తీర్పు తప్పో ఒప్పో చెప్పరు. మాటతో మొదలైన వాదన తోపులాటకు, పిడిగుద్దులకు, చివరకు తుపాకీకి పెరగవచ్చు. ఎక్కడ ఆగాలో ఆటగాళ్ళే తేల్చుకోవాలి. నేను ఒకసారి తుపాకీ దాకా వెళ్ళాను. నేను సరైన పని చేశానో లేదో ఆ ఆట నాకు చెప్పలేదు, ఇప్పటికీ తేలలేదు.

ఇరవైముఖాలు

ఆజ్ఞలు వద్దనడం లేదు కానీ, గీత దాటబోయే ముందు హెచ్చరిక ఉండాలి. పాత ఎడిషన్‌లలో ఫైలాక్టరీ ఆఫ్ ఫెయిత్‌ఫుల్‌నెస్ అని ఒక వస్తువు ఉండేది. ధరించినవారు చేయబోయే పని తమ అలైన్‌మెంట్‌కు చేటు తెస్తుందా అన్నది ముందే తెలియజేస్తుంది. ఆమె నోరు విప్పే ముందు "ఈ మాట అంటే ఇది జరుగుతుంది" అని మీరు చెప్పారా?

రాత్రిపాచిక

చెప్పలేదు. కానీ ఆమెకు తెలియదని అనుకోను. ఆమె అంతసేపు మౌనంగా ఉండినది అందుకే.

చుక్కానిపట్టు

అందరూ దైవం గురించీ ధర్మం గురించీ వ్రాశారు. నేను కొవ్వొత్తి గురించి అడుగుతాను. అది షీట్ మీది అంకె కాదు, ఆ గదిలో నిజంగా వెలుగుతున్న వస్తువు. ఎనిమిది నెలలు ఆమె దాని ఎదుట కూర్చున్నది. దీపం కొండెక్కిందంటామే తప్ప ఆరిందనడానికి నోరు రాని భాష మనది. మీరు ఆమె కళ్ళ ముందే వేళ్ళతో నలిపారు. పాత్రకు శిక్ష వేయడానికి ఆమె మొదటి సెషన్‌కు ముందే ఒప్పుకున్నది. ఈ పనికి కూడా ఒప్పుకున్నదా?

విశ్వాసం వంటి విషయం బల్ల మీదికి తెచ్చేటప్పుడు మేము సెషన్ జీరోలో (ఆట మొదలుకాకముందు జరిపే సంభాషణలో) ఒక్కొక్కరినీ అడుగుతాము: నీ సొంత నమ్మకం నీ పాత్రకు ఎంత దగ్గరగా ఉంది, ఏ మాట పాత్రను దాటి నిన్ను తాకుతుంది? జవాబు ఇష్టమైతే చెప్పవచ్చు, లేకపోతే లేదు. మీకు ఆ సంగతి తెలుసా? అంతకంటే ముందు మరొకటి: ఈ మూడు వారాలలో ఆమెతో మాట్లాడారా? ఇక్కడ ఇంతమందిని అడిగారు, ఆమెను అడిగారా?

రాత్రిపాచిక

అడగలేదు. ఈ రోజే మాట్లాడతాను.

నియమపాలకి

ఆలోచించి వ్రాస్తానన్నాను. ఆజ్ఞకు వెల ఉండాలన్న నా మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఆ వెల ఎంతో లెక్క కట్టవలసినది చెల్లించేవారేనని, నా వ్రతం కథ మళ్ళీ చదువుకున్నాక అనిపిస్తున్నది. ఆ సాధువు రాకుండా ఉంటే నేను ఏమి చేసి ఉండేదాన్నో నాకు తెలుసు. కత్తి పట్టిన చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ చేత్తో ఇక భోజనం చేయనని చెప్పి ఉండేదాన్ని. ఎవరూ నన్ను అడగలేదు.

రాత్రిపాచిక

మాట్లాడాను. రెండు గంటలు పట్టింది. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను.

తన పాత్ర పతనాన్ని ఆమె తప్పుపట్టడం లేదు. "లేరు" అనే ముందే ఆమె నిశ్చయించుకున్నదట: పదకొండు మంది బ్రతకాలి, దానికి తన వెలుగు పోవాలి, ఆ రెండూ నిజం కావాలి. సైనికులు వెళ్ళిపోయాక తానే లేచి, ఒక ప్రార్థన చెప్పి, కొవ్వొత్తిని తన చేతులతో ఆర్పాలనుకున్నదట. ఆ ప్రార్థన వాక్యాలు కూడా మనసులో కూర్చుకున్నదట. అంతలో నా చేయి ముందుకు వచ్చింది. "నేను ఇవ్వబోతున్నదాన్ని నువ్వు లాక్కున్నావు" అన్నది. నేను క్షమించమని అడిగాను. చుక్కానిపట్టు గారి ప్రశ్న కూడా అడిగాను. తాను చిన్నప్పుడు రోజూ ప్రార్థించేదాన్ననీ, ఒక దశలో ఆ అలవాటు పోయిందనీ, ఎప్పుడు పోయిందో తనకే తెలియదనీ చెప్పింది. అంతకు మించి ఇక్కడ వ్రాయను.

ఇకపై ఎలా ఆడాలో ఇద్దరమూ కలిసి కొన్ని ఒప్పందాలు చేసుకున్నాము. ఆజ్ఞలు మూడూ అలాగే ఉంటాయి, సడలవు. కొట్టివేసిన వాక్యాన్ని ఆమె మళ్ళీ వ్రాయదు, కాగితమూ మార్చదు. ఆ గీతతోనే షీట్ ఉంటుంది. ఆమె పాత్రకు దైవశక్తులు ప్రస్తుతానికి పని చేయవు. ఎందుకు పని చేయడం లేదో నేను చెప్పను, ఎవరి నోట కూడా చెప్పించను. దీపధారి తరపున ఇకమీదట నేను ఒక్క మాట కూడా పలకను. నాలుగోకుర్చీ గారు చెప్పినట్లు, ఆమె అబద్ధం ఆ లోకంలో ఎక్కడెక్కడికి పాకుతుందో అది మాత్రం చూపిస్తాను. కొవ్వొత్తి బల్ల మీదే ఉంటుంది, వెలిగించకుండా. ఎప్పుడు వెలిగించాలో, అసలు వెలిగించాలో వద్దో ఆమె ఇష్టం.

ప్రశ్నార్థకం

ఆ పదకొండు మంది ఏమయ్యారు?

రాత్రిపాచిక

బ్రతికే ఉన్నారు. సైనికులు కనుమరుగయ్యాక ఒక్కొక్కరే నేలమాళిగ మెట్లెక్కి పైకి వచ్చారు. వారిలో అందరికంటే చిన్నదానికి ఆరేళ్ళు. మఠంలో దీపం ఎందుకు వెలగడం లేదని ఆ పిల్ల పాలాడిన్‌ను అడుగుతుంది. శనివారం అక్కడి నుంచి మొదలుపెడుతున్నాము.